రోజుకి మూడుసార్లు చచ్చి బతికే కంప్యూటర్

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. దావూద్ ఓడ ఎక్కాల్సింది నాలుగున్నరకి. ఈలోగా వాడు దోషో కాదో నేను తేల్చాలి.

వన్ టౌన్‌లో నజీర్ అహ్మద్ గారి ఇంటి ముందుగదిలో కూర్చున్నాను. ఆయన జేబులోంచి ఒక మడత కాగితం సగం పైకి లాగి చూపించి, మళ్ళీ లోపలికి తోసేశాడు. సొంత తమ్ముడి కొడుకు మీద రాసిన పోలీసు ఫిర్యాదు అది. తమ్ముడు పోయి పదేళ్ళయింది. అప్పట్నుంచి దావూద్‌ని పెంచింది ఈయనే.

"నాలుగింటిదాకా మీకు టైమిస్తన్నాను కనకరత్నంగారూ. మా అమ్మాయి రషీదా ఏడ్సిందని ఇస్తన్నాను. ఆ తరవాత నన్నేటీ అడక్కండి."

"ఫిర్యాదు పడితే వాడి ఓడ పుస్తకం పోలీసులు లాగేసుకుంటారు. అది లేనిదే ఓడ మెట్లు కూడా ఎక్కనివ్వరు. తెలుసు గదా?"

"తెలిసే రాశాను."

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇరవై ఆరేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి, సూపర్‌వైజర్‌గా ఉండగా రాజీనామా ఇచ్చి, ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నదాన్ని. నవ్వినవాళ్ళు నవ్వారు. లైన్లో గరగర వినిపిస్తే అది వానకి తడిసిన తీగా, లేక ఎవడైనా దొంగతనంగా వింటున్నాడా అన్నది చెవితోనే చెప్పగలను. పొద్దున రషీదా ఫోన్ చేసి, "మా కంప్యూటర్లోంచి ఏదో సప్పుడొస్తంది మేడమ్" అనగానే ఒప్పుకున్నది అందుకే. కంప్యూటర్ గురించి నాకు తెలిసింది గుండుసున్నా. చప్పుళ్ళ గురించి మాత్రం నాకు ఒకరు పాఠం చెప్పక్కర్లేదు.

సంగతి ఇదీ. నజీర్ అహ్మద్ ఓడ సరుకుల క్లియరింగ్ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఇంటి దగ్గరే ఓడలకి సరుకు జాబితాలు తయారు చేయిస్తున్నాడు. టైపు చేసేది కూతురు రషీదా. ఆ కంప్యూటర్ని నిరుడు సింగపూర్ నుంచి మోసుకొచ్చింది దావూదే. ఈ ఏడు రంజాన్ పండగ మర్నాటి నుంచి దానికి జబ్బు పట్టుకుంది. రోజుకి మూడుసార్లు టకటకమని చప్పుడు చేసి, ఉన్నట్టుండి ఆరిపోయి, మళ్ళీ తనంతట తనే మొదలవుతుంది. అంతవరకూ కొట్టిన జాబితా గంగలో కలుస్తుంది. మూడు వారాల్లో ఇద్దరు ఏజెంట్లు ఓపిక చచ్చి పని వేరేవాళ్ళకి ఇచ్చేశారు.

బుధవారం నాడు సర్వీసు ఇంజనీరు శ్రీనివాసరావు వచ్చి, లోపలి తీగల్ని ఎవరో కావాలని వదులు చేశారని కాగితం రాసిచ్చాడు. ఆ ఇంట్లో తీగల పని తెలిసినవాడు దావూద్ ఒక్కడే. ఓడలో ఎలక్ట్రీషియన్. పైగా పండగ రోజున రషీదాని తనకిమ్మని అడిగి, పెదనాన్న చేత కాదనిపించుకున్నాడు. కోపం ఉంది, విద్య ఉంది, చప్పుడొచ్చిన ప్రతిసారీ ఇంట్లోనే ఉన్నాడు. పోలీసులకి ఇంతకంటే ఏం కావాలి?

ఆ బుధవారమే నజీర్ అహ్మద్ ఇంటిల్లిపాదినీ నిలబెట్టి ఒట్టేశాడు. "ఏ సెయ్యి ఈ మిషన్ సెడగొట్టిందో ఆ మనిషి ఈ కప్పు కింద ఉండటానికి ఈల్లేదు. ఖుదా కసమ్." ఆయన మాటంటే మాటే. ఆ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు.

"తాళం ఇవ్వండి," అన్నాను.

దావూద్‌ని పొద్దున్నుంచీ మేడ మీద గదిలో పెట్టి తాళం వేశారు. తలుపు తీసేసరికి సర్దిన సంచీ ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళవాడు, బలంగా ఉన్నాడు. తలుపు పగలగొట్టి పోవాలనుకుంటే ఒక్క తన్ను చాలు. పోలేదు.

"మిషన్ విప్పావా?"

"నేదండి."

"చప్పుడొచ్చినప్పుడల్లా ఆ గదిలో ఏం చేస్తున్నావ్?"

"దాదీ, మా నాయనమ్మ, నమాజు సదువుతాది. మోకాళ్ళ నొప్పులు. వొంగితే లెగలేదు. ఎనకాల కూకుని నేపుతాను."

"ఆ టైములో మిషన్ దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

వాడు సంచీ తాడు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయాడు.

"దావూద్, నిన్నే."

"నాను ఏటీ ముట్టలేదండి. ఇంకేటీ అడక్కండి."

అరగ్లాసు మంచినీళ్ళు తాగినంతసేపు వాడి మొహమే చూశాను. అబద్ధం లేదు. కానీ ఏదో దాస్తున్నాడు. నిజం చెప్పొద్దూ, మెట్లు దిగుతూ నా మనసులో నేను కూడా వీడే అనుకున్నాను.

కింద నడిమి గదిలో రషీదా నాకోసం నోటుబుక్కు తీసి ఉంచింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. కానీ రాత ముత్యాల్లా ఉంది. మిషన్ ఆగిన ప్రతిసారీ తేదీ, సమయం రాసిపెట్టింది. ఇలాంటి పిల్ల మా ఎక్స్ఛేంజిలో ఉంటే కళ్ళకద్దుకునేదాన్ని.

మే ముప్ఫై: పన్నెండూ యాభై రెండు, నాలుగూ యాభై నాలుగు, ఆరూ నలభై ఒకటి. జూన్ అయిదు: పన్నెండూ యాభై ఏడు, నాలుగూ యాభై ఆరు, ఆరూ నలభై మూడు. జూన్ పది సాయంత్రం ఆరూ నలభై అయిదు. జూన్ పదిహేడు సాయంత్రం ఆరూ నలభై ఎనిమిది.

"ఆగినప్పుడు లైటు కూడా ఆరుతుందా?"

"నేదు మేడమ్. ఫ్యాను తిరుగుతానే ఉంటాది. ఇదొక్కటే ఆగుద్ది."

అయితే కరెంటు తప్పు కాదు. నేను సాయంత్రం లెక్కలు మళ్ళీ చదివాను. పద్దెనిమిది రోజుల్లో ఏడు నిమిషాలు. ఒక్కసారిగా కాదు, రెండు మూడు రోజులకి ఒక నిమిషం చొప్పున జరిగింది. పగతో చేసేవాడికి అంత నాజూకు ఎందుకు? మా నాన్న తగరపువలసలో ఎద్దుల్ని విప్పింది ఏనాడూ గడియారం చూసి కాదు, పొద్దు చూసి. ఎండాకాలం ఎక్కువసేపు దున్నేవాడు. ఇది కూడా పొద్దు చూసి జరుగుతున్న పనే.

"సాయంత్రం నమాజు ఎప్పుడు?"

"పొద్దు గుంకగానే. ఆరున్నర పాంతంలో."

"మధ్యాహ్నం, సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో కూడా నమాజు ఉంటుంది కదా? మరి జూన్ అయిదు ఏ వారం?"

రషీదా గోడ మీది క్యాలెండర్ చూసింది. "శుక్రవారం."

"నజీర్ అహ్మద్ గారూ!" అని ముందుగదిలోకి కేకేశాను. "శుక్రవారం మధ్యాహ్నం పన్నెండూ యాభై ఏడుకి దావూద్ ఎక్కడున్నాడు?"

"జుమ్మాకి మసీదులో. నా పక్కనే. ఎందుకూ?"

"ఆ నిమిషంలోనే ఇక్కడ మిషన్ ఆగింది."

ఆయన గడపలోకి వచ్చి నిలబడ్డాడు. ఒక్క క్షణం మొహం వెలిగింది. అంతలోనే ఆరిపోయింది. "తీగలు ముందే వొదులు సేసి పెట్టాడని ఇంజనీరు అన్నాడు గదా. పక్కన ఉంటేనేటి, నేకపోతేనేటి?"

గడియారం చూశాను. రెండూ అయిదు అయింది. మిషన్ ఎందుకు ఆగుతోందో చూపించకపోతే ఎన్ని ముహూర్తాలు చెప్పినా లాభం లేదు.

కంప్యూటర్ పడమటి గోడకి ఆనించిన బల్ల మీద ఉంది. దాని ముందే గులాబ్ బీ నమాజు చేసుకునే చోటు. ఆవిడ నజీర్ అహ్మద్ తల్లి, డెబ్బై ఎనిమిదేళ్ళు. ముక్కాలిపీట మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"అమ్మా, మీరు ఎప్పుడైనా దీన్ని ముట్టుకున్నారా?"

"తోబా! ఏలు కూడా తగల్నియ్యలేదు తల్లీ. మనవడు సముద్రం దాటించి తెచ్చింది. నానెందుకు ముడతాను?"

"మీరు నమాజులో ఉన్నప్పుడు ఎవరైనా వచ్చారా?"

"నమాజు సదివేవోళ్ళకి ఎదురుగా ఎవులూ నడవరు. మా ఇంట్లో అసలు ఈ గదిలోకే రారు. నా మనవడొక్కడే ఎనకాల ఉంటాడు."

బల్ల ముందుకి లాగి పెట్టె చుట్టూ తిరిగాను. వెనక రెండు స్క్రూల మీద సర్వీసువాళ్ళ కాగితం సీళ్ళు. వాటి పక్కనే గాలి బయటికి వదిలే చిన్న ఫ్యాను, దానికి జల్లెడలాంటి ఇనుప మూత. రషీదాని మిషన్ వేయమని చెప్పి చెవి ఆనించాను. ఫ్యాను మూలుగుతోంది. మూలుగు మధ్యలో ఆగి ఆగి ఒక టక్కు. వదులు తీగ చేసే చప్పుడు నాకు తెలుసు, అది చిటపటలాడుతుంది. ఇది గట్టి వస్తువు, గుండ్రటిది, తిరిగేదానికి తగులుతోంది.

"ఆపు. టార్చిలైటూ, అల్లిక సూదీ పట్రా."

జల్లెడ సందులోంచి సూది పోనిచ్చి, పది నిమిషాలు తంటాలు పడి బయటికి లాగాను. ఫ్యాను ఇరుసుకి చుట్టుకున్న జానెడు పట్టుదారం, దాని చివర ఆకుపచ్చ గాజుపూస.

రషీదా నోరు తెరిచింది. నేను గదంతా కలియజూశాను. గులాబ్ బీ పక్కన చుట్టిపెట్టిన జానిమాజు, అంటే నమాజు చాప, దాని మీద మడతపెట్టిన ఎర్ర మఖమల్ గుడ్డ. అంచున ఆకుపచ్చ పూసల జాలరు. జాలరులో ఒకచోట పన్నూడిన నోరులా ఖాళీ.

"ఇదేంటమ్మా?"

ముసలావిడ మురిసిపోయింది. "నానే కుట్టాను. ఎదురుగా బొమ్మలూ, మెరిసే తెరా ఉంటే నమాజులో మనసు నిలవదు. ఇదివరకు మల్లు ఓణీ కప్పేదాన్ని. సింగపూర్ మిషన్‌కి పాత ఓణీ ఏటని, పండక్కి ఇది కుట్టాను. రెండు పొరలు మఖమల్, మజ్జిలో దూది. నిండా కప్పుతాను. తస్బీ దండ తిప్పడం అయినాక తీసేత్తాను."

"మిషన్ ఆర్పేసి కప్పుతారా?"

"ఆర్పకూడదని రషీదా సెప్పింది. అందుకే ఆర్పను."

నాకు నవ్వాలో కూర్చుని ఏడవాలో తెలియలేదు. మూడు వారాలుగా ఎవరైనా మిషన్ ముట్టుకున్నారా అని అడిగినవాళ్ళే అందరూ. ఆవిడ ముట్టుకోలేదు, నిజమే. అపురూపంగా రజాయి కప్పింది.

సరిగ్గా అప్పుడు దిగాడు శ్రీనివాసరావు. రెండూ ఇరవై ఎనిమిది. జూన్ ఎండలో టై కట్టుకుని, చేతిలో నల్ల పెట్టె. ఆయన రిపోర్టు మీద పోలీసులు మాట అడగొచ్చునని నజీర్ అహ్మదే కబురు పెట్టాడట.

"డిటెక్టివా? దీనికా?" అన్నాడు నన్ను చూసి. "మేడమ్, ఇది టెలిఫోన్ డబ్బా కాదు. మైక్రోప్రాసెసర్. నా రిపోర్టు ఇంగ్లీషులో ఉంది, అర్థమైందా?"

"అర్థమైంది. మీరు ఎన్నిసార్లు వచ్చారు?"

"నాలుగుసార్లు."

"ఏ టైముకి?"

"పొద్దున పదింటికి. వచ్చిన ప్రతిసారీ మిషన్ బ్రహ్మాండంగా పనిచేసింది. నా ఎదుట ఒక్కసారీ ఆగలేదు. అంటే ఏమిటి? ఎవరో నేను లేనప్పుడు చేస్తున్నారు."

"లేదా మీరు పదింటికే వస్తున్నారు. కూర్చోండి. ఇరవై నిమిషాల్లో మీ ఎదుట ఆగుతుంది."

"ఆగకపోతే?"

"నా బోర్డు పీకి మీ చేతికిస్తాను."

రెండూ ముప్ఫై రెండుకి రషీదా మిషన్ వేసి జాబితా ఒకటి కొట్టడం మొదలుపెట్టింది. నేను మఖమల్ గుడ్డ తీసుకుని, గులాబ్ బీ ఎలా కప్పుతుందో అడిగి అలాగే, వెనక ఫ్యానుతో సహా, అంచు బల్లకి తగిలేదాకా కప్పాను. నజీర్ అహ్మద్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. శ్రీనివాసరావు రుమాలుతో మెడ తుడుచుకుంటూ గడియారం చూస్తున్నాడు. గులాబ్ బీకి ఏం జరుగుతోందో తెలియక ఒకరి తరవాత ఒకరి మొహం చూస్తోంది.

పది నిమిషాలయింది. ఏమీ లేదు. పదిహేను. శ్రీనివాసరావు పెదవి చివర నవ్వు మొదలైంది. దారం లాగేశాను కదా, ఇప్పుడు ఫ్యాను హాయిగా తిరుగుతుందేమో, ఆగదేమో అన్న ఆలోచన అప్పుడొచ్చింది. తెలివైన పని చేశానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

రెండూ యాభై ఆరు. గుడ్డ కింద ఫ్యాను మూలుగు తగ్గిపోయి, చిన్న కీచుమన్న శబ్దం. రషీదా గుడ్డ ఎత్తింది. తెర నల్లగా ఉంది. ఒక్క క్షణం తరవాత బీప్ మని, మిషన్ వేయగానే వచ్చే అంకెలు తెర మీద మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాయి.

"ఆగింది!" అని రషీదా అరిచింది. మిషన్ ఆగినందుకు ఆ పిల్ల సంతోషించడం ఇదే మొదటిసారి.

పెట్టె మీద చెయ్యేసి చూడమన్నాను నజీర్ అహ్మద్‌ని. ఆయన చెయ్యి వేసి వెంటనే తీసేశాడు.

"దీనికి ఊపిరి ఆ ఫ్యానే. దూది గుడ్డ కప్పితే వేడి ఎటు పోతుంది? లోపల కాగిపోయి, తన్ను తాను కాపాడుకోడానికి ఆరిపోతోంది. పూస ఇరుక్కుంది కాబట్టి ఇదివరకు ఇంకాస్త ముందే ఆగేది. చప్పుడూ అదే, జబ్బూ అదే. పగా లేదు, పాడూ లేదు."

నజీర్ అహ్మద్ కాలిన చెయ్యి లుంగీకి రుద్దుకున్నాడు. అంతలో వెనక నుంచి చిన్న శబ్దం. గులాబ్ బీ పీట మీంచి లేవబోతోంది. లేచి, గోడ పట్టుకుంటూ పోయి, తన పెట్టె మూత తీసి బట్టలు బయట పెడుతోంది.

"అమ్మీ, ఏటి సేత్తన్నావ్?" అన్నాడు కొడుకు.

"నా సెయ్యే గదా సెడగొట్టింది. ఒట్టేశావు గదా బాబూ. సబ్బవరంలో నా సెల్లి కూతురింటికి ఎల్తాను."

కోపం లేదు, నిష్ఠూరం లేదు. కొడుకు మాట నిలబెట్టడానికి తల్లి బట్టలు సర్దుకుంటోంది. నజీర్ అహ్మద్ ఆ పెట్టె ముందు కూలబడి, ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నోరు జారింది నాది. ఒట్టు తప్పినోడు మూడు రోజులు రోజా, ఉపాసం ఉండాలి. రేపట్నుంచి నానుంటాను అమ్మీ. ఆ బట్టలు లోన పెట్టు."

"ఎండలు బాబూ. నీకు సుగరు."

"పెట్టమంటన్నాను గదా!"

ఆ కసురుకి ఆవిడ నవ్వింది. రషీదా మేడ మీదికి పరిగెత్తి తాళం తీసింది. ఇల్లంతా ఒక్కసారిగా తేలికపడింది. మూడూ అయిదు. గంటకి పైగా టైముంది. నేను కుర్చీలో వెనక్కి వాలి, టీ ఇస్తే బాగుండునని అనుకున్నాను కూడా.

వీధి తలుపు మీద లాఠీ చప్పుడైంది.

హెడ్ కానిస్టేబుల్ వీరన్న. నాకు పాత పరిచయమే. "ఏటండి కనకరత్నంగారూ, మీరిక్కడా?" అని, చేతిలో కాగితం విప్పాడు. "దావూద్ అంటే ఎవులు? ఓడ పుస్తకం అట్టుకుని స్టేషన్‌కి రావాల. ఫిర్యాదు ఉంది."

నేను నజీర్ అహ్మద్ వైపు తిరిగాను. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. జేబులోంచి ఆ మడత కాగితం తీశాడు. నకలు.

"పొద్దున పదకొండింటికే ఇచ్చేశాను. మీరొచ్చాక సెప్పనేకపోయాను. రషీదా ఎదురుగా ఉంది."

అంటే నాకిచ్చిన గడువు ఉత్తుత్తిది. ఇంకో సమయంలో అయితే ఆయన్ని కడిగేసేదాన్ని. ఇప్పుడు తీరిక లేదు.

"ఎనక్కి తీసుకుంటన్నాను బాబూ," అన్నాడాయన వీరన్నతో. "తప్పు నాది."

"మీరు తీసుకుంటారు సరే. దీనికి ఇంజనీరు సర్టిఫికెట్ కట్టి ఉంది. ఎవుడో తీగలు ఊడదీశాడని పెద్ద ఆఫీసరు సదివాడు. ఓడ ఎక్కి దేశం దాటేవోణ్ణి నానెలాగ ఒదిలేత్తాను? ఇది రాసినాయనే కాదని రాస్తే ఓ దారి."

అందరి కళ్ళూ శ్రీనివాసరావు మీద పడ్డాయి. ఆయన టై సర్దుకున్నాడు.

"గుడ్డ వల్ల వేడెక్కింది, ఒప్పుకుంటాను. కానీ తీగలు వదులుగా ఉన్న మాట కూడా నిజం. నేను కళ్ళారా చూశాను. రాసింది రాసిందే. నా ఉద్యోగం సంగతి ఏమిటి?"

"మీరు పెట్టె విప్పి చూశారా?"

"విప్పకుండా ఎలా చూస్తాను?"

"ఎప్పుడు?"

"బుధవారం. పదిహేడో తారీఖు."

"రండి."

వెనక్కి తీసుకెళ్ళి టార్చి వేశాను. "ఈ స్క్రూల మీద సీళ్ళు ఎవరివి?"

"మావే. మిషన్ బాధ్యత తీసుకున్నప్పుడు అంటిస్తాం. చింపకుండా ఎవడూ విప్పలేడు."

"బాగా చెప్పారు. దాని మీద తేదీ చదవండి. వీరన్నా, నువ్వూ చూడు."

వీరన్న వంగి కళ్ళు చికిలించాడు. "ఏప్రిల్ పద్నాలుగు. కింద సంతకం శ్రీనివాసరావు. రెండూ నిక్షేపంలా ఉన్నాయండి."

"ఏప్రిల్ నుంచి ఈ పెట్టె ఎవరూ విప్పలేదు. దావూదూ విప్పలేదు. మీరూ విప్పలేదు. మరి పదిహేడో తారీఖున తీగలు ఎక్కడ చూశారు?"

ఆ మనిషి నోట్లోంచి అప్పటిదాకా వచ్చిన పట్నపు తెలుగు ఎటు పోయిందో పోయింది. "నాను... నాలుగుసార్లు వొచ్చానండి. ఒక్కసారీ ఏటీ కనపడనేదు. ఎండ. ఇంకో మూడు ఇళ్ళకి ఎల్లాల. ఏదో ఒకటి రాయకపోతే మా మేనేజరు ఊరుకోడు. ఆళ్ళింట్లో ఎలక్ట్రీషియన్ ఉన్నాడని ఈయనే అన్నారు, సర్లే అని రాసీసాను. పోలీసులదాకా ఎల్తాదని అనుకున్నానేటి?"

నిజంగా చెంప పగలగొట్టాలనిపించింది. ఎండగా ఉందని ఒక మనిషి బతుకు మీద సంతకం పెట్టేశాడు. బదులుగా నా కలం తీసి ఇచ్చాను.

"రాయండి. పెట్టె విప్పకుండానే రిపోర్టు రాశానని. తెలుగులోనే రాయండి, వీరన్నకి అర్థం కావాలి."

మూడూ ముప్ఫై ఏడుకి సంతకం పడింది. వీరన్న రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇక నాను సూసుకుంటాను. కుర్రోణ్ణి ఎల్లమనండి. ఓడ దాటిపోతే మళ్ళీ నా మీద ఏడుత్తారు."

దావూద్ సంచీతో కిందికి దిగాడు. గులాబ్ బీ వాడి మొహమంతా తడిమి, ఏదో చదివి ఊదింది. నజీర్ అహ్మద్ ఎదురుపడి చెయ్యి చాచాడు, మళ్ళీ అది చాలదనుకున్నాడేమో, గట్టిగా కావలించుకున్నాడు.

"తిరిగొచ్చాక రషీదా సంగతి మాటాడుకుందాం," అన్నాడు వాడి భుజం మీదనుంచే.

దావూద్ చెవులు ఎర్రబడ్డాయి. నేను ఆటో పిలిచాను. మూడూ నలభై అయిదు. హాయిగా అందుకుంటాడు. ఏ కేసు చివరా ఇంత ప్రాణం కుదుటపడిన గుర్తు లేదు నాకు.

వాడు సంచీ ఆటోలో పెడుతుండగా రషీదా నోటుబుక్కు పట్టుకుని గడప దాటి వచ్చింది.

"మేడమ్, ఒకటి అర్థం కావట్లేదు. మొన్న గురువారం సాయంత్రం రెండు నమాజులకీ ఆగలేదు. నిన్న సాయంత్రం కూడా ఆగలేదు. నిన్న మజ్జాన్నమూ, ఇవాళ మజ్జాన్నమూ మాత్రం ఆగింది. దాదీ అన్నిసార్లూ గుడ్డ కప్పింది గదా?"

పుస్తకం లాక్కుని చూశాను. నిజమే. పదిహేడు దాకా లెక్కలు చదివి సంబరపడి, చివరి మూడు రోజులూ నేను చూడనే లేదు. నిన్న శుక్రవారం, మధ్యాహ్నం దావూద్ మసీదులో ఉన్నాడు. ఇవాళ మధ్యాహ్నం మేడ మీద తాళంలో ఉన్నాడు. వాడు గదిలో లేనప్పుడే మిషన్ ఆగింది.

"దావూద్," అన్నాను.

వాడు తలెత్తలేదు.

"నీకు ముందే తెలుసు."

"గురువారం మజ్జాన్నం తెలిసిందండి. దాదీ సజ్దాలో నేలకి నుదురు ఆనించి ఉండగా గుడ్డ మీద సెయ్యేస్తే పెనంలాగ కాలింది. ఆనాటి నుంచి ఆమె కళ్ళు మూసుకోగానే ఎనకాల అంచు ఎత్తి పట్టుకునేవోణ్ణి. అయిపోగానే ఒదిలేసేవోణ్ణి."

"మరి నోరు విప్పి చెప్పడానికేం? నీ ఓడ పోతోంది, కేసు పడుతోంది!"

"బుధవారమే ఒట్టేశాడండి బడే అబ్బా. ఆయన ఒట్టు తప్పింది నాను ఎప్పుడూ సూళ్ళేదు." వాడు గొంతు తగ్గించాడు. "ఈ ఓడ పోతే ఇంకో ఓడ సూసుకుంటాను. డెబ్బై ఎనిమిదేళ్ళది, దాదీ ఎక్కడికి ఎల్తాది?"

నజీర్ అహ్మద్ ఆటో ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. తరవాత లుంగీ ఎగ్గట్టి, చెప్పులైనా వేసుకోకుండా ఎక్కి, దావూద్ సంచీ ఎత్తి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పోర్టు గేటుకి పోనియ్యి," అన్నాడు డ్రైవరుతో. "ఈడు నా కొడుకు. ఓడ దాకా నానే దింపాల."